లయన్స్ మేన్ పుట్టగొడుగు పొడి గురించి మందుల షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

నాది కోనసీమలో మందుల షాపు. ఇదివరకు మతిమరుపుకి ఏదైనా ఉందా అంటే సరస్వతి ఆకు లేహ్యం అడిగేవారు. ఇప్పుడు ఫోన్లో ఫొటో చూపించి "ఈ పుట్టగొడుగు క్యాప్సూల్స్ ఉన్నాయా అండి" అంటున్నారు. ఉన్నాయి, అమ్ముతాను కూడా. కానీ డబ్బా మీద రాయనివి చాలా ఉన్నాయి, కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉంటే అవన్నీ చెప్పడం కుదరదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఇదేం పుట్టగొడుగండీ? మన చేలగట్ల మీద వచ్చేదేనా?

కాదు. తొలకరికి మన గట్ల మీద, పుట్టల దగ్గర లేచేవి వేరు. ఇది చల్లటి దేశాల్లో ఓక్, బీచ్ లాంటి గట్టి చెట్ల మాను మీద పెరుగుతుంది. గొడుగు ఆకారం ఉండదు, తెల్లటి గడ్డం వేలాడినట్టుంటుంది. శాస్త్రీయ నామం హెరీసియం ఎరినేసియస్. జపాన్‌లో యమబుషితాకే అంటారు. చైనాలో ఎప్పటినుంచో కూర వండుకుంటున్నారు, పొట్ట బాగోనివాళ్ళకి పెడుతున్నారు. మన దగ్గరికి వచ్చేది ఎండబెట్టి పొడి చేసిన రూపంలోనో, సారం తీసి క్యాప్సూల్లో నింపిన రూపంలోనో.

మెదడుకి మంచిదనే మాట ఎక్కణ్ణించి పుట్టింది?

మన శరీరంలో నరాల కణాలు పెరగడానికి, బతికి ఉండటానికి తోడ్పడే ఒక ప్రోటీన్ ఉంది, నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా ఎన్‌జీఎఫ్. దాన్ని కనిపెట్టిన రీటా లెవీ మోంటాల్చీనికి, దానిమీద పనిచేసిన స్టాన్లీ కోహెన్‌కి 1986లో నోబెల్ వచ్చింది. మెదడు జబ్బులకి అదే మందుగా ఇచ్చేద్దామంటే కుదరలేదు. అది పెద్ద ప్రోటీన్, రక్తంలోంచి మెదడులోకి పోలేదు. అలాంటప్పుడు మెదడులోనే ఎన్‌జీఎఫ్ ఎక్కువ తయారయ్యేలా చేసే చిన్న పదార్థం ఏదైనా దొరుకుతుందా అని వెతికారు.

జపాన్‌లో కవాగిషి అనే శాస్త్రవేత్త బృందం 1990ల్లో ఈ పుట్టగొడుగులోంచి అలాంటివే బయటకి తీసింది. పైకి కనిపించే కాయ భాగంలో హెరిసెనోన్లు, లోపల వేర్లలా అల్లుకునే మైసీలియంలో ఎరినాసిన్లు. గాజు గిన్నెలో పెంచిన కణాల మీద వేస్తే ఎన్‌జీఎఫ్ పెరిగింది. ఎలుకలకి నోటిద్వారా ఇచ్చినా కొన్ని మంచి ఫలితాలు వచ్చాయి. అమ్మేవాళ్ళు చెప్పే "నరాలు మళ్ళీ పెరుగుతాయి" అనే మాటకి మూలం ఇదే. మనిషి మెదడులో నరాలు పెరిగినట్టు మాత్రం ఎవరూ చూపించలేదండి, ఆ ముక్క ప్రకటనల్లో మింగేస్తారు.

మనుషుల మీద పరీక్షలే చెయ్యలేదా?

చేశారు, కానీ అన్నీ చిన్నచిన్నవే. వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు కొనే డబ్బా మీద "క్లినికల్లీ ప్రూవెన్" అని ఉంటే అది వీటి గురించే.

ఎక్కువమంది చెప్పేది జపాన్‌లో 2009లో వచ్చిన అధ్యయనం. 50 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు, కొద్దిగా మతిమరుపు మొదలైనవాళ్ళు, మొత్తం 30 మంది. సగం మందికి ఈ పొడి మాత్రలు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు. ఒక్కో మాత్ర 250 మిల్లీగ్రాములు, పూటకి నాలుగు, రోజుకి మూడు పూటలు, అంటే రోజుకి 12 మాత్రలు, 3 గ్రాములు. ఇలా 16 వారాలు. పొడి తీసుకున్నవాళ్ళకి మతిమరుపు పరీక్షలో మార్కులు పెరిగాయి. ఆపేసిన 4 వారాలకి మళ్ళీ తగ్గడం మొదలైంది. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

తైవాన్‌లో 2020లో తొలిదశ అల్జైమర్స్ ఉన్నవాళ్ళ మీద 49 వారాలు చేశారు. అక్కడ వాడింది కాయ పొడి కాదు, ఎరినాసిన్-ఏ ఎక్కువ ఉండేలా పెంచిన మైసీలియం. సొంత పనులు చేసుకోవడంలో ఉత్తుత్తి మాత్రల వాళ్ళకంటే కాస్త మెరుగ్గా ఉన్నారు. కడుపులో ఇబ్బంది, వికారం, దద్దుర్లు వచ్చి మధ్యలో మానేసినవాళ్ళూ ఉన్నారు.

ఇక ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సంగతి. ఇంగ్లండ్‌లో నార్తంబ్రియా యూనివర్సిటీ వాళ్ళు 2023లో 18-45 ఏళ్ళ వయసున్న 41 మందికి 1.8 గ్రాములు ఇచ్చి చూశారు. గంట తర్వాత ఒక పరీక్షలో కొంచెం వేగంగా జవాబిచ్చారు. ఎరుపు అనే మాటని ఆకుపచ్చ రంగులో రాసి, రంగేదో చెప్పమంటారు చూడండి, అలాంటి పరీక్ష. 28 రోజుల తర్వాత ఒత్తిడి కాస్త తగ్గే ధోరణి ఉందన్నారు, అదీ గట్టిగా తేలలేదు. మిగతా పరీక్షల్లో చాలావాటిలో తేడా లేదు. అంతకుముందు ఏడాది అమెరికాలో కాలేజీ వయసువాళ్ళకి రోజుకి ఏకంగా 10 గ్రాములు చొప్పున 4 వారాలు ఇచ్చారు. బుర్ర పనితీరులో ఏ మార్పూ లేదు.

ఇదంతా ఎందుకు, పనిచేస్తుందా లేదా ఒక్క మాటలో చెప్పండి.

పెద్దవయసులో కొద్దిపాటి మతిమరుపు ఉన్నవాళ్ళకి కొంత ఉపయోగం ఉండొచ్చు. కుర్రాళ్ళకి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఖర్చు దండగ. అల్జైమర్స్‌కి ఇది మందు కాదు.

మా నాన్నగారికి మతిమరుపు మొదలైంది. ఇది కొని పెట్టమంటారా?

ముందు రక్తపరీక్ష చేయించండి. ఈ ఒక్క జవాబు చదివి మిగతావి వదిలేసినా నాకు బాధ లేదు.

మన డెల్టాలో అరవై దాటిన వాళ్ళలో షుగర్ మాత్రలు వేసుకోని ఇల్లు వెతుక్కోవాలి. వాటిలో ఎక్కువగా రాసేది మెట్‌ఫార్మిన్. ఏళ్ళ తరబడి అది వేసుకుంటే కొందరిలో బీ12 విటమిన్ తగ్గిపోతుంది. గ్యాస్ మాత్ర అని రోజూ పరగడుపున వేసుకునే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ లాంటివి ఏళ్ళు గడిస్తే అదే పని చేస్తాయి. చాలామంది రెండూ వేసుకుంటారు! పైగా శాకాహారులైతే తిండిలో బీ12 వచ్చేది పాలు, పెరుగులోంచే. బీ12 బాగా తగ్గితే మతిమరుపు, అరికాళ్ళ తిమ్మిర్లు, నీరసం, నడకలో తూలడం ఉంటాయి. దానికి విటమిన్ ఇంజెక్షనో మాత్రో సరిపోతుంది, పుట్టగొడుగు పొడి కంటే బాగా చవక. మరీ ఆలస్యం చేస్తే మాత్రం జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. థైరాయిడ్ తగ్గినా బుర్ర మందగిస్తుంది, ఆ పరీక్ష కూడా ఇక్కడ ఏ ల్యాబ్‌లోనైనా చేస్తారు.

తర్వాత ఆయన వేసుకునే మాత్రల సంచీ మొత్తం డాక్టర్ గారి టేబుల్ మీద పోయండి. నిద్రమాత్రలు, మత్తు వచ్చే రకం జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్ళకి ఇచ్చే కొన్ని మాత్రలు పెద్దవాళ్ళ బుర్రని మబ్బు పట్టిస్తాయి. చీటీ లేకుండా "అదే మళ్ళీ ఇవ్వండి" అని ఖాళీ షీట్ చూపించి ఏళ్ళ తరబడి తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారు, ఆ మాత్ర మొదట రాసిన డాక్టర్ అది పది రోజులకే రాసి ఉంటారు.

చెవులు సంగతి కూడా చూడండి. చెప్పింది వినపడకపోతే గుర్తెలా ఉంటుంది? 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్, డిమెన్షియాకి, అంటే మతి క్రమంగా చెదిరిపోయే జబ్బులకి, దారితీసే, మనం మార్చుకోగలిగే కారణాలు 14 లెక్కకట్టింది. వినికిడి లోపం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, ఒంటరితనం, దిగులు ఇవన్నీ అందులో ఉన్నాయి. వీటిని సరిగ్గా చూసుకుంటే 45 శాతం డిమెన్షియా కేసులు రాకుండా ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని వాళ్ళ అంచనా. ఏ పొడి గురించీ అలాంటి మాట ఎవరూ చెప్పలేదు.

దిగులు గురించి ఒక్క మాట. పిల్లలు హైదరాబాదో డల్లాసో వెళ్ళిపోయి, మండువా ఇంట్లో ఇద్దరే మిగిలి, వారిలో ఒకరు పోయాక మతిమరుపు వచ్చిందంటే అది ఒక్కోసారి మతిమరుపు కాదండి, డిప్రెషన్. దానికి వైద్యం ఉంది.

కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోతే కంగారు లేదు. రోజూ వెళ్ళే రావిచెట్టు సెంటర్ నుంచి ఇంటికి దారి తెలియకపోయినా, కౌలు డబ్బులు లెక్క ఎప్పుడూ తప్పని మనిషి నోట్లు లెక్కపెట్టలేకపోతున్నా, చెప్పిందే పది నిమిషాల్లో మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. ఉన్నట్టుండి ఒక్కరోజులో అయోమయం వస్తే, మాట తడబడితే, మూతి వంకర పోతే అది పక్షవాతం కావొచ్చు, ఆ గంటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

మా అబ్బాయి ఇంటర్, ఈఏపీసెట్ రాస్తున్నాడు. ఇది వాడితే ర్యాంకు వస్తుందా?

రాదు. పద్దెనిమిది లోపు పిల్లల మీద దీన్ని సరిగ్గా పరీక్షించిందే లేదు. హాస్టల్లో రాత్రి పన్నెండింటికి పడుకోబెట్టి ఐదింటికి లేపుతుంటే ముందు ఆ సంగతి చూడండి, చదివింది బుర్రలో నిలిచేది నిద్రలోనే.

రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర ఉంటాను. పగలు ఏం చేస్తున్నానో నాకే తెలియట్లేదు. ఇది వాడితే చురుగ్గా ఉంటానా?

భీమవరం, మల్కిపురం వైపు నుంచి ఈ ప్రశ్న చాలా వస్తుంది. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయేమో, కరెంటు పోయిందేమో, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయిందేమో అని రాత్రుళ్ళు లేచి తిరిగేవాళ్ళకి కావాల్సింది నిద్ర. క్యాప్సూల్ ఆ లోటు తీర్చలేదు. వంతులు వేసుకుని వారంలో కొన్ని రాత్రులైనా ఇంటి దగ్గర పడుకోండి. పడుకున్నా గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారని ఇంట్లోవాళ్ళు చెప్తే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోవాలి.

అన్నట్టు, ఈ డబ్బాల మీద కనిపించే "బీటా గ్లూకాన్" (పుట్టగొడుగుల్లో ఉండే ఒక రకం పీచు) చెరువుల వాళ్ళకి తెలిసిన సరుకే. రొయ్యలకి రోగాలు తట్టుకునే శక్తి రావాలని మేతలో కలిపేది అదే జాతి పదార్థం, కాకపోతే అది ఎక్కువగా ఈస్ట్‌లోంచి తీస్తారు. చెరువు డబ్బా, మనుషుల డబ్బా ఒకటి కాదు, దయచేసి అది మీరు మింగకండి. ఈ మాట సరదాకి రాయట్లేదు, అడిగినవాళ్ళున్నారు.

రోజుకి ఎంత వేసుకోవాలి? ఎప్పుడు?

అధ్యయనాల్లో మామూలు పొడి రోజుకి సుమారు 2 నుంచి 3 గ్రాములు వాడారు. ఇక్కడే లెక్క చూసుకోండి. ఒక్కో క్యాప్సూల్ 500 మిల్లీగ్రాములు, డబ్బాలో 60 ఉన్నాయనుకుందాం. 3 గ్రాములు కావాలంటే రోజుకి ఆరు, డబ్బా పది రోజుల్లో ఖాళీ. డబ్బా మీద మాత్రం "రోజుకి రెండు" అని రాసి, పక్కనే జపాన్ అధ్యయనం గురించి గొప్పగా చెప్తారు. ఆ మోతాదు వేరు, ఈ మోతాదు వేరు. కొనేముందు డబ్బా ధర కాదు, నెలకి ఎన్ని డబ్బాలు అవుతాయో అడగండి.

సారం తీసినదైతే మీద 8:1, 10:1 అని ఉంటుంది, అంటే అన్ని కిలోల పుట్టగొడుగు నుంచి ఒక కిలో సారం తీశామని. దీనికి తక్కువ మోతాదు చెప్తారు. కానీ ఆ నిష్పత్తిని బట్టి లోపల ఏముందో తేలదు, 10:1 సారం ఒక గ్రాము పొడి 10 గ్రాములకి సమానమని గుణించుకోవద్దు.

వేళ పెద్ద పట్టింపు కాదు. తిన్నాక వేసుకుంటే కడుపులో ఇబ్బంది తక్కువ. పొడి అయితే కాఫీలోనో గోరువెచ్చని పాలలోనో కలుపుకోవచ్చు, కొంచెం చేదు, పుట్టగొడుగు వాసన ఉంటుంది, మజ్జిగలో అస్సలు బాగోదు. మొదటి వారం సగం మోతాదుతో మొదలుపెట్టండి.

డబ్బా మీద ఏం చూసి కొనాలి?

కాయ భాగమా, మైసీలియమా? ఇంగ్లిషులో "ఫ్రూటింగ్ బాడీ" అని ఉంటే కాయ. "మైసీలియం" అని ఉంటే కాస్త ఆగండి. మైసీలియంని బియ్యం, ఓట్స్, జొన్న లాంటి గింజల మీద పెంచుతారు. చాలామంది దాన్ని గింజల నుంచి వేరు చెయ్యలేక గింజలతో సహా ఎండబెట్టి పొడి కొట్టేస్తారు. అంటే మీరు కొనేదాంట్లో సగానికి సగం పిండే ఉండొచ్చు. బియ్యప్పిండి కొనడానికి కోనసీమ వాళ్ళకి ఆన్‌లైన్ ఎందుకండీ? అలాగని మైసీలియం పనికిరాదనీ కాదు, తైవాన్‌లో వాడింది అదే, కానీ అది గింజల మీద కాకుండా ద్రవంలో పెంచి, ఎరినాసిన్ కొలిచి మరీ వాడారు. మన మార్కెట్లో ఎరినాసిన్ ఎంతుందో రాసిన డబ్బా నాకు కనపడితే నేనే ముందు పెట్టుకుంటాను.

బీటా గ్లూకాన్ ఎంత శాతమో రాశారా చూడండి. "పాలీశాకరైడ్స్ 30 శాతం" అని మాత్రమే రాస్తే నమ్మకండి, పాలీశాకరైడ్ అంటే చక్కెరలు గొలుసులా అతుక్కున్న పదార్థం, గింజల పిండి కూడా పాలీశాకరైడే. బీటా గ్లూకాన్ అని విడిగా రాసినవాడు కనీసం కొలిచాడనుకోవచ్చు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు 14 అంకెలు ఉండాలి, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు ఉండాలి. ఇవి మందుల కింద రావు, ఆహారం కింద వస్తాయి కాబట్టి "ఔషధ వినియోగం కోసం కాదు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఆ మాట రాసిన డబ్బా మీదే మరోపక్క "అల్జైమర్స్ నయం" అని ఉందంటే ఆ కంపెనీని పక్కన పెట్టెయ్యండి.

ఇంట్లో చిన్న పరీక్ష కూడా చేసుకోవచ్చు. చిటికెడు పొడి అరగ్లాసు నీళ్ళలో మరిగించి పూర్తిగా చల్లారనివ్వండి, వేడి మీద రంగు నిలవదు. తెల్ల కప్పులో కొంచెం పోసి, పుండ్లకి రాసే అయోడిన్ ద్రావణం రెండు చుక్కలు వెయ్యండి. గంజిలో వేసినప్పటిలా చిక్కటి నీలం-నలుపు అయితే అందులో పిండి గట్టిగానే ఉంది. అయోడిన్ రంగులోనే ఉండిపోతే పిండి లేదు. కొద్దిగా రంగు తిరిగితే దేన్నీ తేల్చలేం, ఈ పుట్టగొడుగు కణజాలమే అయోడిన్‌కి కాస్త రంగు మారుతుంది. పరీక్ష చేసిన నీళ్ళు పారబొయ్యండి, తాగకూడదు.

మా అమ్మాయి అమెరికా నుంచి పంపింది. అక్కడిది కదా, మంచిదే కదా?

అక్కడా ఇవి సప్లిమెంట్లే. అమ్మేముందు పనిచేస్తుందని ప్రభుత్వానికి రుజువు చెయ్యక్కర్లేదు. గింజల మీద పెంచిన మైసీలియం పొడి అక్కడి డబ్బాల్లోనూ బాగా ఉంటుంది, కాబట్టి పైన చెప్పినవన్నీ దానికీ చూడండి. "సర్వింగ్ సైజ్" దగ్గర రెండు క్యాప్సూల్స్ అనో మూడనో ఉంటుంది, మీద పెద్దక్షరాల్లో రాసిన మిల్లీగ్రాములు ఆ మూడిటికీ కలిపి. అమ్మాయిని నొచ్చుకునేలా ఏమీ అనకండి, వచ్చేసారి బీపీ మిషనో, చెవి మిషనో తెమ్మనండి.

ఎవరు వాడకూడదు? వేరే మందులతో ఇబ్బందా?

పుట్టగొడుగులు తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్ళు ముట్టుకోకూడదు. ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగాలి.

గుండెకి స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు, రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళు అడగకుండా మొదలుపెట్టొద్దు. ఇందులోని ఒక హెరిసెనోన్ ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేస్తుందని ల్యాబ్‌లో కనిపించింది. మనుషుల్లో ఎంత ప్రభావమో తేలలేదు గానీ, అలాంటి మందులు వాడేవాళ్ళ మీద ప్రయోగం మనం చెయ్యక్కర్లేదు. ఆపరేషన్ ఉందంటే, పన్ను పీకించుకోవాలన్నా సరే, ఇది వాడుతున్నట్టు ముందే చెప్పండి.

ఎలుకల్లో రక్తంలో చక్కెర తగ్గించింది, కాబట్టి ఇన్సులిన్, షుగర్ మాత్రల వాళ్ళు మొదలుపెట్టిన రోజుల్లో షుగర్ చూసుకుంటూ ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు, వాళ్ళ మీద పరీక్షలు లేవు. అవయవ మార్పిడి ఆపరేషన్ అయి రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నవాళ్ళు కూడా వద్దు.

మిగతావాళ్ళకి మామూలుగా వచ్చేవి కడుపుబ్బరం, వికారం, అప్పుడప్పుడు ఒళ్ళు దురద. ఆపేస్తే తగ్గుతాయి. ఆయాసం, ముఖం వాపు వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రి.

మేం శాకాహారులం. కార్తీకమాసంలో వేసుకోవచ్చా?

పుట్టగొడుగు తినడం తినకపోవడం మీ ఇంటి ఆచారం, అందులో నేను చెప్పేదేం లేదు. మీరు చూడాల్సింది క్యాప్సూల్ తొక్క. కొన్నిటికి జెలటిన్ వాడతారు, అది జంతువుల నుంచి వచ్చేది. ఆకుపచ్చ చుక్క ఉన్నది తీసుకోండి, లేదంటే పొడి కొనండి.

దీంతో మత్తెక్కుతుందా? పోలీసులు పట్టుకుంటారా?

నవ్వొచ్చినా అడగాల్సిన ప్రశ్నే. మత్తు పుట్టగొడుగులు వేరు, వాటిలో ఉండేది సైలోసైబిన్, అది మత్తుపదార్థాలని నిషేధించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషిద్ధం. లయన్స్ మేన్‌లో అది లేదు. కానీ సోషల్ మీడియాలో "మష్రూమ్ గమ్మీస్" అని పేరూ ఊరూ లేకుండా అమ్మేవి కొనకండి, వాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

రీషి, కార్డిసెప్స్, చాగా అన్నీ కలిపినది ఇంకా మంచిది కదా?

ఇవీ పుట్టగొడుగుల జాతివే. ఐదారు రకాలు ఒక క్యాప్సూల్లో కూరితే ఒక్కోటి వంద మిల్లీగ్రాములు కూడా రాదు, ఏదీ చాలదు. పైగా తేడా చేస్తే దేనివల్లో తెలియదు. చాగాలో ఆక్సలేట్ ఎక్కువ, ఎక్కువకాలం వాడి కిడ్నీలు పాడైన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు అది అసలు తీసుకోవద్దు. రీషి కూడా రక్తం పలచబడే మందులతో పడదు.

వీటికంటే బ్రాహ్మి మేలంటారు?

బకోపా రకం బ్రాహ్మి సారం రోజుకి 300 మిల్లీగ్రాములు, 12 వారాలపాటు ఇచ్చిన అధ్యయనాలు లయన్స్ మేన్ కంటే ఎక్కువే ఉన్నాయి. గుర్తుంచుకోవడంలో కొద్దిపాటి మెరుగు కనిపించింది. ఖరీదూ తక్కువ. కడుపులో వికారం, విరేచనాలు దీనికీ ఉంటాయి.

క్యాప్సూల్ ఎందుకు, మామూలు పుట్టగొడుగుల కూర తింటే చాలదా?

నన్నడిగితే ఇదే అసలైన ప్రశ్న. సింగపూర్‌లో 60 దాటిన 663 మందిని చూసి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. వారానికి రెండు సార్ల కంటే ఎక్కువ, ఒక్కోసారి 150 గ్రాములు వండిన పుట్టగొడుగులు తినేవాళ్ళలో తొలిదశ మతిమరుపు ఉండే అవకాశం సుమారు సగమే ఉంది. తిన్నవి లయన్స్ మేన్ కాదు, ఆయిస్టర్, షిటాకే, బటన్ లాంటి మామూలువి. అవి తినడంవల్లే తగ్గిందని దీంతో రుజువు కాదు, అలా తినేవాళ్ళు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులై ఉండొచ్చు. అయినా కూర తింటే నష్టమేముంది? పీచు, ప్రోటీన్ వస్తాయి, తెల్ల అన్నం కొంచెం తగ్గుతుంది. వండేముందు ముక్కలు కోసి గంటసేపు మంచి ఎండలో పెడితే వాటిలో డి విటమిన్ కూడా తయారవుతుంది.

మన వైపు ఆయిస్టర్, పాల పుట్టగొడుగులు వరిగడ్డి మీద పెంచి అమ్మేవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. తాజావి కొనండి. నీళ్ళు ఊరి జిగురొచ్చిన ప్యాకెట్ వద్దు. కొబ్బరిపాలు పోసి ఇగురు పెడితే చెప్పక్కర్లేదు.

వానలకి గట్ల మీద లేచినవి మాత్రం తెలిసినవాళ్ళు కోసిస్తే తప్ప తినకండి. వెండి చెంచా నల్లబడలేదనో, పురుగులు తిన్నాయి కాబట్టి మంచివనో అనుకోవడం ఉత్తమాట. ప్రాణాంతకమైన రకాల్లో వాంతులు, విరేచనాలు తిన్న ఆరు గంటల తర్వాతగానీ మొదలు కావు. ఒకరోజు తగ్గినట్టనిపించి, ఆ తర్వాత లివర్ దెబ్బతింటుంది.

లయన్స్ మేన్ మన గడ్డి మీద పెంచొచ్చా?

గది ఉష్ణోగ్రత 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటేనే కాయ సరిగ్గా వస్తుంది, గట్టి చెట్ల రంపపు పొట్టు కావాలి. మన ఉక్కలో ఏసీ గది లేకుండా కుదరదు, కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది. కొత్తగా పెంపకం మొదలుపెట్టేవాళ్ళు ఆయిస్టర్‌తోనో, వేడి తట్టుకునే పాల పుట్టగొడుగుతోనో మొదలుపెట్టడం నయం.

డబ్బా తీశాక పొడి గడ్డకట్టింది. వాడొచ్చా?

ఇక్కడి గాలిలో తేమకి ఇది మామూలే. పొడిగానే ఉండి, చిదిమితే రాలిపోయి, వాసన బాగుంటే వాడొచ్చు. ముక్కిన వాసన వచ్చినా, బూజు చుక్కలు కనిపించినా పారెయ్యండి. తడి చెంచా పెట్టొద్దు, లోపలుండే చిన్న తెల్ల పొట్లం తీసెయ్యొద్దు, పొయ్యి పక్క అరలో పెట్టొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి తీసి మూత తీస్తుంటే లోపల చెమ్మ పడుతుంది, గది లోపల గట్టి మూత సీసా చాలు.

ఎన్నాళ్ళు వాడి చూడాలి? పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

జపాన్ అధ్యయనంలో తేడా కనపడటానికి 8 వారాలు పట్టింది, కాబట్టి వారంలో గుణం కనిపించిందంటే అది మనసుకి అనిపించడమే. పరీక్షలన్నీ చేయించి, డాక్టర్ సరేనన్నాక, మూడు నెలలకి సరిపడా డబ్బు విడిగా తీసి పెట్టుకోండి. మొదలుపెట్టేముందు ఒక నోటుపుస్తకంలో మీరు గమనించే నాలుగైదు పనులు రాయండి. మాత్రలు తనంతట తనే వేసుకున్నారా, కిరాణా చీటీ లేకుండా చెప్పినవన్నీ తెచ్చారా, నిన్న ఎవరొచ్చారో గుర్తుందా, ఇలాంటివి. వారానికోసారి అవునో కాదో రాయించండి, అదీ డబ్బా కొనిచ్చినవాళ్ళు కాకుండా ఇంట్లో వేరేవాళ్ళతో. మూడు నెలలకి పుస్తకంలో తేడా లేకపోతే ఆపెయ్యండి, ఆపడానికి భయం అక్కర్లేదు, దీనికి అలవాటు పడిపోవడం ఉండదు. తేడా ఉంటే ఒక నెల ఆపి మళ్ళీ రాసి చూడండి. ఆపాక తగ్గి, వేస్తే పెరిగితే కొనసాగించండి. ఆపినా అలాగే ఉంటే మళ్ళీ నా దగ్గరికి డబ్బా కోసం రాకండి.